రెండు గోనె సంచుల చలి

మా ఊళ్లో చలి ఉన్నదా లేదా అనే విషయం మీద ప్రభుత్వానికీ, పాల ముత్తుబాయికీ నడుమ వచ్చిన తగాదాలో నేను తల దూర్చవలసింది కాదు. దూర్చాను. దాని ఫలితాన్ని ఇప్పుడు మా ఆయన రోజూ పొద్దున్నే అనుభవిస్తున్నాడు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం న్యాయమనిపించింది.

మాది సావర్‌గూడ. రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉంటుంది. మార్గశిరం వచ్చిందంటే కొబ్బరినూనె సీసాను పొయ్యి పక్కన కూర్చోబెట్టి బతిమాలితే తప్ప చుక్క రాలదు. పుష్యంలో తెల్లవారుజామున మూడు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు. మా ఊరి పేరు పత్రికల్లో ఏడాదికి ఒక్కసారే వస్తుంది, జనవరిలో, 'గజగజ' అనే మాట పక్కన.

ఇలాంటి ఊరిని రెండేళ్ల కింద 'సైకిల్ పట్టణం'గా ప్రకటించారు. ఊళ్లో అప్పటికే సగం మంది సైకిళ్ల మీద తిరుగుతున్నారు. అందువల్ల పథకం మొదటి రోజే లక్ష్యాన్ని దాటేసింది. దాటిన లక్ష్యాన్ని పర్యవేక్షించడానికి ఒక కార్యాలయం కావలసి వచ్చింది. దాని పేరు ద్విచక్ర సంచార ప్రోత్సాహక సంస్థ. డైరెక్టరు పరాంకుశం గారు. మా ఆయన రాజలింగం అందులో సీనియర్ అసిస్టెంటు.

ప్రారంభోత్సవం నాడు, అంటే నిరుడు జనవరి రెండో వారంలో పొద్దున ఆరున్నరకు, డైరెక్టరు గారు స్వయంగా సైకిలెక్కి ఆఫీసు గేటు నుంచి జెండా కర్ర దాకా తొక్కారు. గాలి ఎదురుగా కొట్టింది. కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారాయి. మర్నాడు పత్రికలో ఫొటో వచ్చింది. కింద ఒక వాక్యం: 'సైకిల్ పథకాన్ని ప్రారంభిస్తూ కన్నీటి పర్యంతమైన డైరెక్టర్.' రాజధాని నుంచి ఆయన పై అధికారులు ఫోన్ చేసి ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగారట. ఆ సాయంత్రమే ఒక ఫైలు పుట్టింది. దాని పేరు 'శీతల వాతావరణమున సైకిలు తొక్కువారి నేత్ర సంరక్షణ'.

ఈ సమస్యను ముత్తుబాయి అంతకు నాలుగేళ్ల ముందే పరిష్కరించుకుని ఉంది.

ముత్తుబాయిది వాగు అవతలి గూడెం. రోజూ తొమ్మిది కిలోమీటర్లు, సైకిలుకు రెండు వైపులా రెండు పాల క్యాన్లు, ముప్పై రెండు ఇళ్లు. పొద్దున ఆరున్నర కొట్టిందంటే మా గేటు దగ్గర బెల్లు మోగుతుంది. తలకూ చెవులకూ కలిపి నుదురు మీదుగా గట్టిగా చుట్టిన రుమాలు, కళ్లకు తెల్లటి ప్లాస్టిక్ అద్దాలు. బండలు కోసే దగ్గర పనివాళ్లు పెట్టుకుంటారే, కణతల దాకా వంపు తిరిగి ఉంటాయి, అవి. వాటికి రెండు పక్కలా ఐదేసి చిల్లులు.

మొదటిసారి చూసినప్పుడు అడిగాను. "ఈ బొక్కలేంది ముత్తుబాయీ?"

"దబ్బనం కాల్చి నేనే పెట్టిన అక్కా. బొక్కల్లేకుంటె లోపల ఆవిరి పడ్తది. మనం ఇడిసిన ఊపిరి పైకి పోయి అద్దానికి అంటుకుంటది. ఇగ వాగు ఏడుందో, తొవ్వ ఏడుందో ఎర్కైతదా?"

"నల్లద్దాలైతే ఇంకా మంచిగుంటయేమో కదా?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "పొద్దు పొడువక ముందు, పొగమంచుల, నల్లద్దాలా? నన్ను వాగుల పడేద్దామనా అక్కా?"

పాలు కొలిచి వెళ్లిపోయింది. చలిలో సైకిలు తొక్కేవాళ్లకు ఎలాంటి అద్దాలు కావాలి అన్న చర్చ మా గడప దగ్గర రెండు నిమిషాల్లో ముగిసింది. సంస్థకు పదకొండు నెలలు పట్టింది.

ముందు కమిటీ వేశారు. కమిటీ నమూనాలు తెప్పించింది. ఈతకొట్టే వాళ్ల అద్దాలు, వెల్డింగు అద్దాలు, కంటి ఆపరేషనయ్యాక పెట్టుకునే పచ్చద్దాలు వచ్చాయి. ఒక సప్లయరు పొరపాటున గుర్రపు బండి గుర్రాలకు కట్టే తోలు గంతలు పంపితే, వాటి మీద రెండు సమావేశాలు నడిచాయి. గంతలు కట్టుకుంటే గాలి అసలే తగలదు కదా అని ఒక సభ్యుడు చివరిదాకా పట్టుబట్టాడట. నమూనాలను చలిలో పరీక్షించాలని తీర్మానమైంది. తీర్మానానికి అనుమతి వచ్చేసరికి మే నెల పదమూడో తేదీ. ఆ రోజు మా ఊళ్లో నలభై అయిదు డిగ్రీలు.

"వచ్చే చలికాలం దాక ఆగుదాం సార్ అన్న," అని ఆ రాత్రి భోజనం దగ్గర చెప్పాడు మా ఆయన. "ఏమన్నడో ఎర్కేనా? 'ఎండాకాలమను నెపముతో శాస్త్ర పరిశోధనను వాయిదా వేయుట ఈ సంస్థ సంప్రదాయము కాదు. శీతలము ఎక్కడ కలదో సంస్థ అక్కడికే తరలిపోవును' అన్నడు."

శీతలము మిర్చి మార్కెట్ పక్కన దొరికింది. మాకు నాలుగైదు గంటల ప్రయాణంలో మిరపకాయలు నిలవ చేసే కోల్డ్ స్టోరేజీ ఒకటుంది. లోపల ఏడాది పొడుగునా ఆరు డిగ్రీలు. మే ఎండలో మా ఆయన నేను అల్లిన ఊలు స్వెట్టరు చంకన పెట్టుకుని జీపెక్కాడు. వీధిలో వాళ్లు చూసి, నన్ను ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

మూడో రోజు తిరిగొచ్చాడు. కళ్లు టమాటా పండ్లలా ఉన్నాయి.

"ఏడ్చిన్రా?" అన్నాను.

"అందరం ఏడ్చినం. డైరెక్టరు సారు సుత."

చెంబెడు నీళ్లు తాగి చెప్పాడు. కప్పుదాకా పేర్చిన మిర్చి బస్తాల నడుమ రెండు సైకిళ్లను స్టాండు వేసి నిలబెట్టారు. అద్దాలు లేకుండా ఒకరు ఎక్కి తొక్కాలి. సైకిలు కదలదు కాబట్టి గాలి రాదు. గాలి కోసం అక్కడి హమాలీల పెద్ద ఓదెలును, ఇంకొక హమాలీని ఎదురుగా నిలబెట్టి, చెరొక ఖాళీ సంచి ఇచ్చి విసరమన్నారు.

"ఏం సంచులు?"

"మిర్చి సంచులే. అక్కడ బియ్యం సంచులు ఏడినుంచి వస్తయి?"

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన చూడలేదు.

"నలభై సెకండ్లు," అన్నాడు. "సారు గడియారం చూసిండు. నలభై సెకండ్లల్ల ఎక్కినోడెక్కినట్టు కండ్లెంట నీళ్లు, ముక్కెంట నీళ్లు, దగ్గు, తుమ్ములు. మాతోని వచ్చిన కంటి డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. పాపం ఓదెలు చెప్పనే చెప్పిండు, 'సారూ, ఇది చలికి కాదు, మిరపఘాటు. సంచులన్న మార్చుండ్రి' అని. 'మీ అభిప్రాయము నమోదు చేయుటకు ఫారములో గడి లేదు' అన్నడు సారు."

"మీరన్నా చెప్పకపోయిన్రా?"

"నోట్ ఫైల్ల రాసిన. 'పరీక్షా స్థలమున మిరప ఘాటు కలదు' అని. సారు కొట్టేసి పక్కన రాసిండు, 'ఉష్ణోగ్రతకు సంబంధము లేని అంశము' అని. మనం చేయాల్సింది చేసినం."

ఇరవై రెండేళ్ల సర్వీసులో మా ఆయన నేర్చుకున్నది ఆ చివరి వాక్యం.

తర్వాత సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. ఖాకీ కాగితంలో చుట్టి, దారం కట్టి, దారానికి ఒక అట్టముక్క వేలాడదీసి ఉంది. అట్ట మీద డైరెక్టరు గారి సంతకం. 'ప్రామాణిక శీత వాయు ఉత్పాదక పరికరములు, రెండు.' అవే గోనె సంచులు. పరీక్షలో వాడిన పరికరాలను భద్రపరచాలట. ఆఫీసు బీరువాల్లో నమూనా అద్దాలు, గుర్రపు గంతలు నిండి ఉండడం వల్ల తాత్కాలికంగా మా సామాన్ల గదిలో ఉంచమన్నారు.

మొదటి రోజు నేను తుమ్మాను. రెండో రోజు ఇద్దరం తుమ్మాం. మూడో రోజుకి సామాన్ల గదిలో చాలా ఏళ్లుగా కాపురముంటున్న బల్లి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. నాలుగో రోజు మా ఆయన ఆఫీసుకు వెళ్లాక స్వెట్టరు ఉతికాను. కుంకుడు పులుసు ఇంకా మిగిలింది. వృథా చేయడం ఎందుకని, ముడి జాగ్రత్తగా విప్పి, ఆ పరికరాలను కూడా మూడు దఫాలు బండకేసి ఉతికి, మిద్దె మీద మే నెల ఎండలో రెండు రోజులు ఆరేసి, అదే కాగితంలో చుట్టి, అదే దారం కట్టి, అదే అట్టముక్క వేలాడదీసి, ఉన్నచోటే పెట్టాను. ప్రభుత్వ ఆస్తిని శుభ్రంగా ఉంచుకోవాలని బళ్లో మాకు చెప్పారు. మా ఆయనకు చెప్పానో లేదో గుర్తు లేదు. ఆయనా అడగలేదు.

ఆగస్టులో నివేదిక వచ్చింది. ఎనభై నాలుగు పేజీలు. మా ఆయన శుద్ధప్రతి ఇంట్లోనే రాశాడు కాబట్టి నేను రెండుసార్లు చదివాను. డిగ్రీలో నేను తర్కశాస్త్రం చదువుకున్నాను. పెళ్లయ్యాక దాన్ని వాడే సందర్భం ఎక్కువగా రాలేదు. ఈ నివేదిక చదువుతుంటే పాత స్నేహితురాలిని తలకిందులుగా వేలాడదీసినట్టు కనిపించింది.

చలి నలభై సెకన్లలో కంటిపై దాడి చేయును. అక్కడి నుండి ముక్కుకు, గొంతుకు పాకును. కన్నీటిని చేతితో తుడిచినచో చలి చేతివేళ్ల ద్వారా మరింత లోనికి చొచ్చి మంట పుట్టించును. చలి దుస్తులకు అంటుకుని ఇంటికి వచ్చును, కుటుంబ సభ్యులకు తుమ్ములు కలిగించును. (ఆ కుటుంబ సభ్యురాలిని నేనే.) ఓదెలుకూ రెండో హమాలీకీ కన్నీటి చుక్క రాలేదన్న సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: 'వీరికి సైకిలు రాదు కనుక పరిగణించలేదు.'

వీటిమీద నిబంధనలు కట్టారు. అద్దాలు చుట్టూ రబ్బరుతో ముఖానికి అతుక్కుని ఉండాలి. గాలి చొరబడు రంధ్రము ఒక్కటైనను ఉండరాదు. అద్దం నల్లగా, రెండు పొరలుగా ఉండాలి. సైకిలు తొక్కేవాడు తన కన్ను తాను తాకరాదు కాబట్టి, కన్నీరు వస్తే తుడవడానికి వెనక క్యారియరు మీద ఒక 'నేత్ర సహాయకుడు' కూర్చోవాలి. ఇవన్నీ చలి ఉన్నప్పుడే. చలి అంటే ఏమిటో నాలుగో నిబంధన చెప్పింది: 'శీతల వాతావరణమనగా, ప్రామాణిక పరికరములతో వీచిన గాలికి, అద్దములు ధరించని ముగ్గురు వ్యక్తులలో కనీసము ఒకరికి నలభై సెకన్లలోపు కన్నీరు తెప్పించు వాతావరణము.'

డిసెంబరు ఒకటిన అమలు మొదలైంది.

ఆ పొద్దున పొగమంచులో మా వీధి చూడవలసిందే. సంస్థ ఇచ్చిన అద్దాలు పెట్టుకున్న అర నిమిషానికి లోపల ఆవిరి పట్టేది. పైన నలుపు, లోన తెలుపు. తొక్కేవాడికి ఏమీ కనిపించేది కాదు. వెనక కూర్చున్న నేత్ర సహాయకుడు సైకిలు తొక్కడు కాబట్టి అతనికి అద్దాలు అవసరం లేదు, అన్నీ కనిపించేవి. కనుక అతను దారి చెప్పేవాడు.

"ఎడమకు... ఇంకింత ఎడమకు... ఆగన్నా, బర్రె! బర్రె!"

"ఏ పక్క?"

"మీదికే!"

వారం తిరిగేసరికి చాలామంది సైకిళ్లు నడిపించుకుంటూ పోవడం మొదలుపెట్టారు. సైకిలు ప్రమాదాలు గణనీయంగా తగ్గాయని సంస్థ ప్రకటించింది.

ముత్తుబాయి ఒక్కరోజు ఆ అద్దాలు పెట్టుకుంది. వాగు మీది కల్వర్టు దగ్గర సైకిలు రాళ్లకు తగిలింది. రెండు క్యాన్ల పాలు వాగులో కలిశాయి, మోచెయ్యి చెక్కుకుపోయింది. మర్నాడు తన చిల్లుల అద్దాలు పెట్టుకుని వచ్చింది. వాగు దగ్గర సంస్థ పెట్టిన చెక్‌పోస్టులో ఆపారు. సంస్థ అద్దాలు లేవు. క్యారియరు మీద మనిషి లేడు, ఉండాల్సిన చోట పాల క్యాన్లు ఉన్నాయి. సైకిలును స్వాధీనం చేసుకున్నారు. అద్దాలను కూడా. ఇచ్చిన రసీదులో ఇలా ఉంది: 'పది రంధ్రములు గల అనుమానాస్పద కండ్లద్దాలు, ఒక జత.'

అప్పటినుంచి నడిచి వస్తోంది. నెత్తి మీద ఒక్క క్యానుతో. తొమ్మిది కిలోమీటర్లు. మా ఇంటికి వచ్చేసరికి తొమ్మిదయ్యేది. పిల్లలు బడికి పోయాక, చాయలు తాగాల్సినవాళ్లు తాగేశాక.

నాలుగో రోజు క్యాను దింపి మా మెట్ల మీద కూలబడింది. "ముప్పై రెండిండ్లల పద్నాలుగిండ్లు ప్యాకిట్ పాలకు వోయినయ్ అక్కా. వాళ్లననేందుకు లేదు. పొద్దుగాల పాలు గావాలె, పొద్దుగాల తెస్తలేను. ఇంకో పది దినాలు గిట్లనే నడిస్తె, బర్రెలను అంగట్ల నిలవెట్టుడే."

"సైకిల్ అడుగకపోయినవా?"

"అడిగిన. కండ్లద్దాలు పెట్టుకుంటనని రాసిమ్మన్నరు. గుడ్డిదాన్నైతనని ఎట్ల రాసియ్యాలె?"

నేను పొయ్యి ఆపి, చీర మార్చుకుని వచ్చాను.

డైరెక్టరు గారి గదిలో హీటరు ఎర్రగా కాలుతోంది. ఆయన మీద శాలువా, శాలువా మీద మరో శాలువా, నెత్తికి కోతిటోపీ. మా ఆయన ఫైలు పట్టుకుని గోడ పక్కన నిలబడి, నన్ను ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

"అమ్మా," అన్నారు డైరెక్టరు గారు ముత్తుబాయితో, "క్షీరము కన్నను నేత్రము విలువైనది. ఈ సంస్థ చేపట్టిన ప్రతి చర్యయు మీ కన్నుల నిమిత్తమే."

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్ సారూ. మీ అద్దాలు పెట్టుకుంటెనే కానస్తలేదు."

"చూపు వేరు, రక్షణ వేరు. మా పరిధిలోనిది రక్షణ మాత్రమే."

"మరి చూపు ఎవలదయా?"

"అది ఇతర శాఖల వారు చూసుకొందురు."

ముత్తుబాయి నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. "సార్, చిన్న సందేహం. మా ఊళ్లో చలి ఉందని సంస్థ ఎప్పుడు నిర్ధారించింది?"

ఆయన నవ్వబోయి దగ్గారు. "ఇది నిర్ధారించవలసిన విషయమా అమ్మా? బయట చూచితిరి కదా!"

"థర్మామీటరు ప్రకారం ఉంది సార్. నిర్వచనం ప్రకారం ఉందా అని. నాలుగో నిబంధనలో ప్రామాణిక పరికరాలు, ముగ్గురు వ్యక్తులు, నలభై సెకన్లు అని ఉంది కదా. ఆ పరీక్ష సావర్‌గూడలో జరిగినట్టు నివేదికలో ఎక్కడా కనిపించలేదు."

ఆయన పై శాలువా తీసి కుర్చీకి వేశారు.

"మీరు... నివేదిక చదివితిరా?"

"రెండుసార్లు సార్."

"ఎనభై నాలుగు పుటలును?"

"అనుబంధాలతో సహా."

ఆయన కోతిటోపీ మెల్లగా తీసి బల్ల మీద పెట్టారు. పై అధికారులు, కింది అధికారులు, కమిటీ సభ్యులు ఎవరూ ఆ నివేదికను చివరిదాకా చదివి ఉండరు. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ ఒక్క క్షణం నాకు ఆయన మీద కొంచెం జాలి కూడా కలిగింది.

"సమంజసమైన ప్రశ్న," అన్నారు. "శాస్త్రము ప్రశ్నకు వెనుదీయదు. పరీక్ష జరుపుదము. ప్రామాణిక పద్ధతిలో, ప్రామాణిక పరికరములతో. పరీక్షలో శీతలము నెగ్గిన యెడల ఈమె అద్దములు ధరించును. నెగ్గని యెడల సైకిలు తీసుకొనిపోవును. సమ్మతమేనా?"

"నాకేం తెల్వదు సారూ. అక్క ఎట్లంటె అట్ల," అంది ముత్తుబాయి.

"రాజలింగం! పరికరములు ఎక్కడ?"

"మా ఇంట్లనే భద్రంగున్నయి సార్," అన్నాడు మా ఆయన.

సాయంత్రం ఇంటికొచ్చి, సామాన్ల గదిలోంచి పొట్లం దించాడు. అలవాటుగా మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి దించాడు. కాసేపయ్యాక ఊపిరి వదిలాడు. మళ్లీ పీల్చాడు. ముక్కు పొట్లానికి దగ్గరగా పెట్టి ఇంకోసారి పీల్చాడు. తర్వాత నా వైపు చూశాడు.

నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

"ఏమే, గీ సంచులు..."

"ముడి విప్పకండి. డైరెక్టరు గారి సంతకం ఉంది దాని మీద."

సర్వీసులో ఏది తెలుసుకోవాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఏది తెలుసుకోకూడదో తెలిసినవాళ్లకే పదోన్నతి వస్తుంది. ఆయన పొట్లాన్ని సైకిలు హ్యాండిలుకు తగిలించి, "చిక్కుడుకాయల్ల ఆలుగడ్డ వెయ్యి," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆఫీసు ఆవరణలో పరీక్ష. థర్మామీటరు మూడు చూపిస్తోంది. ముత్తుబాయి సైకిలునే తెచ్చి స్టాండు వేశారు. అది ఆమె సైకిలని దానికీ తెలిసినట్టుంది, ఆమె హ్యాండిలు మీద చెయ్యి వెయ్యగానే బెల్లు దానంతటదే ఒకసారి టింగుమంది. డైరెక్టరు గారు స్వయంగా అట్టముక్క మీద తన సంతకం సరిచూసుకుని, ముడి విప్పి, ఇద్దరు అటెండర్లకు చెరొక సంచి ఇచ్చారు. కంటి డాక్టరమ్మ ఫారము తీసింది. ముగ్గురు వ్యక్తులు: ముత్తుబాయి, నేను, మా ఆయన.

మొదట ముత్తుబాయి ఎక్కింది. "విసరుడు!" అన్నారు డైరెక్టరు గారు.

అటెండర్లు విసిరారు. కదలని సైకిలు మీద, రెండు ఉతికిన గోనె సంచుల గాలి. పది సెకన్లు. ఇరవై. నలభై. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "పొడిగా ఉన్నాయి సార్."

"ఇంకను గట్టిగా విసరుడు!"

ఎనభై సెకన్లు. అటెండర్లకు చెమట పట్టింది. "మంచిగ విసరుండ్రి తమ్మీ," అంది ముత్తుబాయి తొక్కుతూనే, "తొమ్మిది కిలోమీటర్లు నడిచొచ్చిన, జర ఉక్కపోస్తుంది."

తర్వాత నేను ఎక్కాను. పొడి. మా ఆయన ఎక్కాడు. అంతకుముందు అదే సంచుల ముందు ఏడ్చిన మనిషి, కళ్లు పెద్దవి చేసుకుని, డాక్టరమ్మ టార్చిలోకి సూటిగా చూస్తూ కూర్చున్నాడు. పొడి.

ఈలోపల పక్కనున్న పత్తి చేల మీదుగా అసలు గాలి ఒకటి లేచి వచ్చింది. సైకిలు చుట్టూ జనం అడ్డంగా ఉన్నారు కాబట్టి మాకు తగలలేదు. గడియారం పట్టుకుని విడిగా నిలబడ్డ డైరెక్టరు గారి మొహానికి తిన్నగా కొట్టింది. ఆయన కళ్ల నుంచి రెండు ధారలు బుగ్గల మీదుగా కారి కోతిటోపీలో ఇంకాయి. డాక్టరమ్మ కలం ఎత్తి ఆయన వైపు చూసింది.

"నేను పరీక్షార్థిని కాను," అన్నారాయన.

ఆమె కలం దించింది.

డైరెక్టరు గారు ఆ రెండు సంచుల వైపు చూశారు. పరీక్ష తప్పంటే నిర్వచనం తప్పు. నిర్వచనం తప్పంటే ఎనభై నాలుగు పేజీలూ, అద్దాలూ, సంస్థా తప్పు. ఊరంతటికీ ఇచ్చిన అద్దాలు ఒక వైపు, మూడు డిగ్రీలు ఒక వైపు. ఆయన తన కలం తెరిచి మా ఆయన చేతికిచ్చారు.

"నిర్వచనము నిర్దుష్టము. పరికరములు ప్రామాణికము," అని మా ఆయనకు చెప్పి రాయించారు. "కావున సావర్‌గూడ పట్టణమున శీతల వాతావరణము లేదని ఇందుమూలముగా నిర్ధారించడమైనది." చెబుతున్నప్పుడు ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మా ఆయన అవి తప్ప మిగతా అన్నీ రాసుకున్నాడు.

ముత్తుబాయి సైకిలు తీసుకుపోయింది. చిల్లుల అద్దాలు వెనక్కి ఇస్తూ రసీదులో, చలి లేని ఊళ్లో వాటికి రక్షణ ప్రయోజనం ఉండదు కనుక, 'అలంకార వస్తువు' అని రాశారు. పద్నాలుగిళ్లలో పదకొండు వారంలోనే తిరిగొచ్చాయి. మిగిలిన మూడింటికి నేను వెళ్లి, ప్యాకెట్ పాలతో తోడేసిన నా పెరుగు గిన్నె చూపించి వచ్చాను.

అంతా బాగానే ఉంది. కానీ మా సంస్థ ఏ విషయాన్నీ సగంలో వదలదు.

చలి లేని ఊరు అంటే ఏ ఊరు? రికార్డుల్లో ఊళ్లు రెండే రకాలు, శీతల ప్రాంతాలు, ఉష్ణ ప్రాంతాలు. అందుచేత సావర్‌గూడ జనవరి పదకొండు నుంచి ఉష్ణ ప్రాంతమైంది. డైరెక్టరు గారి గదిలో హీటరు తీసేసి కూలరు పెట్టారు. ఆఫీసు గేటు ముందు తాటాకుల పందిరి వేసి, మట్టి కుండలు పెట్టి, చలివేంద్రం తెరిచారు. మూడు డిగ్రీల చలిలో చల్లటి నీళ్లు తాగమని ఒకాయన గ్లాసు పట్టుకుని దారిన పోయేవాళ్ల వెంటపడుతుంటాడు. 'గజగజ' అని రాసిన పత్రికకు నిరాధార వాతావరణాన్ని ప్రచారం చేస్తున్నందుకు నోటీసు వెళ్లింది. ఇంక, ఉష్ణ ప్రాంతాల్లో ఎండ దెబ్బ తగలకుండా ఆఫీసులు పొద్దున ఏడింటికి మొదలై ఒంటిగంటకు ముగియాలి. చలికాలంలో పదిన్నరకు వెళ్లే మా ఆయన ఇప్పుడు ఆరున్నరకు సైకిలెక్కుతున్నాడు. నేను ఐదింటికి లేచి డబ్బా కడుతున్నాను. దీని గురించి మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. అనాలంటే సంచుల దగ్గర మొదలుపెట్టాలి.

నిన్న పొద్దున ముత్తుబాయి పాలు కొలుస్తుండగా మా ఆయన సైకిలు బయటికి తీశాడు. పొగమంచు గేటు దాకా వచ్చి నిలబడి ఉంది. వీధి చివరి దాకా పోయి, మరచిపోయిన డబ్బా కోసం వెనక్కి వచ్చాడు. అంతమాత్రం దూరానికే కళ్ల నుంచి నీళ్లు ధారలు కట్టాయి.

"ఏందండి, ఆ కండ్లల్ల నీళ్లు?" అన్నాను డబ్బా అందిస్తూ.

ఆయన వీధికి రెండు వైపులా చూశాడు. పొగమంచులో ఎవరున్నారో ఎవరికి తెలుసు?

"చలికి మాత్రం కాదు," అన్నాడు కొంచెం గట్టిగానే.

ముత్తుబాయి క్యాను మూత పెట్టి, కళ్ల మీది అద్దాలు సర్దుకుంది. "సారుకు సుత గిసోంటియి ఓ జత తేవాల్నా అక్కా? బొక్కలు నేనే పెట్టిస్త."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన డబ్బా హ్యాండిలుకు తగిలించుకుని, మొహం తుడుచుకుని, పెడలు మీద కాలు పెట్టి, వెళ్లేముందు గొంతు తగ్గించి అన్నాడు.

"తెమ్మను. అలంకారానికే."